ఆర్‌లో గ్రాఫ్‌ను కోడ్‌తో సేవ్ చేయడం: కొలత నుంచి తెలుగు ఒత్తుల దాకా

గణాంకాల ప్రోగ్రామింగ్ భాష ఆర్‌లో గ్రాఫ్ గీయడం నేర్పే పాఠాలు బోలెడున్నాయి. గీసిన గ్రాఫ్‌ను థీసిస్‌లోకో, జర్నల్‌కో, స్లయిడ్‌లోకో సరిగ్గా చేర్చడం దగ్గరికి వచ్చేసరికి మాత్రం చాలామంది ఆర్‌స్టూడియో (ఆర్ కోడ్ రాసి నడిపే ప్రోగ్రామ్)లోని ఎక్స్‌పోర్ట్ బటన్ నొక్కి ఊరుకుంటారు. స్క్రీన్ మీద బాగానే కనిపించిన గ్రాఫ్ ప్రింట్‌లో మసకబారుతుంది. అక్షాల మీది అంకెలు చదవాలంటే కళ్లు చికిలించాల్సి వస్తుంది. పది గ్రాఫ్‌లు ఉంటే పదీ పది సైజుల్లో ఉంటాయి. ఎందుకంటే ఆ బటన్ నొక్కిన క్షణంలో ప్లాట్ కిటికీ ఎంత వెడల్పుగా తెరిచి ఉందో అదే ఫైల్ సైజుగా ముందుకొస్తుంది. ఆ అంకె ఎక్కడా రాసి ఉండదు. నెల తర్వాత గైడ్ "అన్నిట్లోనూ అక్షరాలు కాస్త పెద్దవి చేయి" అంటే మళ్లీ మొదటి నుంచి మౌస్‌తో కుస్తీ పట్టాలి.

కోడ్‌తో సేవ్ చేస్తే ఒక అంకె మార్చి స్క్రిప్ట్ మళ్లీ నడిపితే చాలు. అయితే కోడ్ రాసినంత మాత్రాన అన్నీ సర్దుకోవు. ఈ వ్యాసంలో నేను పట్టుబట్టి చెప్పదలచుకున్నది ఒక్కటే: గ్రాఫ్ చివరికి ఎక్కడ కూర్చుంటుందో ముందే తేల్చుకోండి. అక్కడ దానికి దొరికే చోటు ఎన్ని అంగుళాలో కొలిచి, ఆ కొలతలోనే గ్రాఫ్ గీయండి. ఫార్మాట్, రిజల్యూషన్, అక్షరాల సైజు అన్నీ ఆ తర్వాతే.

ఒక చిన్న మాట. కోడ్‌లోని పేర్లను ఇక్కడ పలికినట్టే తెలుగు లిపిలో రాస్తున్నాను. మీరు ఆర్‌లో టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాలే వాడాలి. ఆర్‌కు చిన్న బడి, పెద్ద బడి తేడా ఉంది. నేను ప్రత్యేకంగా చెప్పని చోటల్లా చిన్న బడి అక్షరాలే అనుకోండి.

ఉదాహరణకు ఏ గ్రాఫ్?

ఆర్‌తో పాటే వచ్చే డేటా ఒకటి తీసుకుందాం. పేరు నైల్, మొదటి అక్షరం పెద్ద బడి. అస్వాన్ దగ్గర నైలు నది వార్షిక ప్రవాహం, 1871 నుంచి 1970 వరకు నూరేళ్ల లెక్క. ఒక్కో యూనిట్ అంటే పది కోట్ల ఘనపు మీటర్లు. ఎక్కువలో ఎక్కువ 1879లో 1370, తక్కువలో తక్కువ 1913లో 456. సుమారు 1898 దగ్గర ప్రవాహం ఒక మెట్టు కిందికి దిగినట్టు గ్రాఫ్‌లో కనిపిస్తుంది. ఆ మార్పు కోసమే గణాంక శాస్త్రంలో ఈ డేటాను మళ్లీ మళ్లీ వాడుతుంటారు. గీయడానికి ప్లాట్(నైల్) అంటే చాలు. ఏ ప్యాకేజీ (ఆర్‌కు అదనంగా చేర్చుకునే ఫంక్షన్ల కట్ట) అక్కర్లేదు, డౌన్‌లోడ్ అక్కర్లేదు, ఎవరి కంప్యూటర్‌లోనైనా ఒకేలా వస్తుంది.

తెరవడం, గీయడం, మూయడం

ఆర్ గ్రాఫ్‌ను ఎప్పుడూ ఏదో ఒక డివైస్ మీదే గీస్తుంది. మామూలుగా అది స్క్రీన్. పీఎన్‌జీ(), పీడీఎఫ్(), టిఫ్(), ఎస్‌వీజీ() అనే ఫంక్షన్లు స్క్రీన్‌కు బదులు ఒక ఫైల్‌ను డివైస్‌గా తెరుస్తాయి. అక్కడి నుంచి మీరు గీసినదంతా అందులోకే పోతుంది. డెవ్.ఆఫ్() అన్నాకే ఫైల్ పూర్తయి డిస్క్ మీద నిలుస్తుంది.

పీఎన్‌జీ("నైలు.పీఎన్‌జీ", విడ్త్ = 6, హైట్ = 4, యూనిట్స్ = "ఇన్", రెస్ = 300)
ప్లాట్(నైల్)
డెవ్.ఆఫ్()

మూడో వరుస నడిచాక కన్సోల్‌లో "నల్ డివైస్ 1" అని వస్తుంది. అది ఎర్రర్ కాదు. తెరిచి ఉన్న డివైస్ ఇక ఏదీ లేదని ఆర్ చెబుతోంది, అంతే. ఫైల్ ఎక్కడ పడిందో తెలియకపోతే గెట్‌డబ్ల్యూడీ() అని అడగండి, వర్కింగ్ ఫోల్డర్ ఏదో చెబుతుంది. విండోస్‌లో ఫోల్డర్ దారి పూర్తిగా ఇవ్వాల్సి వస్తే వెనక్కి వాలిన గీత కాకుండా ముందుకు వాలిన గీత వాడండి. వెనక్కి వాలిన గీతకు ఆర్‌లో వేరే అర్థం ఉంది.

ఈ మూడు వరుసల్లో ఎక్కువగా మర్చిపోయేది మూడోది. మర్చిపోతే ఫైల్ తెరుచుకోదు, లేదా ఖాళీగా కనిపిస్తుంది. ఆ తర్వాత గీసే గ్రాఫ్‌లు కూడా స్క్రీన్ మీదికి రాకుండా ఆ తెరిచి ఉన్న ఫైల్‌లోకే పోతుంటాయి. "ఇంతవరకూ బాగానే వచ్చింది, ఉన్నట్టుండి ప్లాట్ కిటికీలో ఏమీ రావట్లేదు" అనిపిస్తే నూటికి తొంభై సార్లు కారణం ఇదే. డెవ్.లిస్ట్() నడిపితే తెరిచి ఉన్నవేమిటో కనిపిస్తాయి. గ్రాఫిక్స్.ఆఫ్() అన్నిటినీ ఒక్క దెబ్బకు మూసేస్తుంది. మీరే ఒక ఫంక్షన్ రాసి దాంట్లో డివైస్ తెరుస్తున్నట్టయితే, తెరిచిన వెంటనే తర్వాతి వరుసలో ఆన్.ఎగ్జిట్(డెవ్.ఆఫ్()) పెట్టండి. మధ్యలో ఎర్రర్ వచ్చి ఆగినా డివైస్ మూసుకుంటుంది.

ఇంకొకటి, పాఠాల్లో పెద్దగా చెప్పనిది. మార్జిన్లు, ఫాంట్, ఒకే పేజీలో నాలుగు గ్రాఫ్‌లు లాంటి సెట్టింగులు పార్() ద్వారా ఇస్తాం కదా, అవి ఏ డివైస్‌కు ఆ డివైస్‌వే. స్క్రీన్ మీద పార్() ఇచ్చి, తర్వాత పీఎన్‌జీ() తెరిస్తే ఆ సెట్టింగులు ఫైల్‌లోకి రావు. పార్() వరుస ఎప్పుడూ డివైస్ తెరిచిన తర్వాత, గ్రాఫ్ గీసే ముందు ఉండాలి. "స్క్రీన్ మీద ఒకలా, ఫైల్‌లో ఇంకోలా" అనే ఫిర్యాదుల్లో చాలా భాగం ఈ వరుస తారుమారు కావడం వల్లే.

అంగుళాలు, పిక్సెల్స్, రెస్: తిప్పలన్నీ ఇక్కడే

పీఎన్‌జీ()కి మీరు ఏ కొలతా ఇవ్వకపోతే 480 పిక్సెల్స్ వెడల్పు, 480 ఎత్తుతో, అంగుళానికి 72 పిక్సెల్స్ లెక్కన గీస్తుంది. ప్రింట్‌కు ఇది ఏ మూలకూ చాలదు. మసకగా ఉందని తెలిశాక చాలామంది చేసే పని, పిక్సెల్స్ పెంచేయడం. విడ్త్ = 2400, హైట్ = 1600 అని ఇస్తారు. ఫైల్ పెద్దదైంది, గీతలు పదునుగా ఉన్నాయి. కానీ అక్షరాలు మాయమైనంత చిన్నవయ్యాయి! ఇలా ఎందుకు అవుతుందో ఒక్కసారి లెక్కవేసి చూస్తే ఇక జన్మలో మర్చిపోరు.

ఆర్ అక్షరాలను పాయింట్లలో కొలుస్తుంది. 72 పాయింట్లు ఒక అంగుళం. మామూలు అక్షరం సైజు 12 పాయింట్లు, అంటే అంగుళంలో ఆరో వంతు. మీరు రెస్ (రిజల్యూషన్, అంగుళానికి ఎన్ని పిక్సెల్స్ అన్న లెక్క) చెప్పలేదు కాబట్టి అంగుళానికి 72 పిక్సెల్స్ అనే లెక్కే నడుస్తుంది. ఆ లెక్కన 2400 పిక్సెల్స్ అంటే 33 అంగుళాలకు పైనే! మీరు పెద్ద పోస్టర్ అడిగారనుకుని ఆర్ దాని మీద 12 పాయింట్ల అక్షరాలు వేసింది. ఆ పోస్టర్‌ను మీరు వర్డ్‌లో 6 అంగుళాలకు కుదించారు. 33.3 అంగుళాలు 6కు దిగితే 12 పాయింట్ల అక్షరం దాదాపు 2.2 పాయింట్లకు దిగుతుంది. మందు సీసా మీద కూడా అంత చిన్న అక్షరాలు వేయరు.

ఇప్పుడు పైన ఇచ్చిన కోడ్ చూడండి. విడ్త్ 6, హైట్ 4, యూనిట్స్ "ఇన్" అంటే అంగుళాలు, రెస్ 300. ఫైల్‌లో 1800 × 1200 పిక్సెల్స్ ఉంటాయి. అక్షరం అదే ఆరో వంతు అంగుళం, ఇక్కడ 50 పిక్సెల్స్‌తో పదునుగా వస్తుంది. కాగితం మీద 6 అంగుళాల చోట పెడితే నిజంగానే 12 పాయింట్లు ఉంటుంది. రెస్‌ను 600 చేసినా గ్రాఫ్ రూపం మారదు, అక్షరాల నిష్పత్తి మారదు, పదును మాత్రమే పెరుగుతుంది. అందుకే కొలత అంగుళాల్లో ఇవ్వమని అంత గట్టిగా చెబుతున్నాను. అంగుళాలు రూపాన్ని నిర్ణయిస్తాయి, రెస్ పదునును నిర్ణయిస్తుంది. రెండిటినీ పిక్సెల్స్ అనే ఒకే అంకెలో కలిపేస్తే ఏది మార్చితే ఏది మారుతుందో తెలియక టెన్షన్ తప్పదు.

12 పాయింట్లు 6 అంగుళాల గ్రాఫ్‌కు కాస్త ఎక్కువే అనిపిస్తుంది. పీఎన్‌జీ()లో పాయింట్‌సైజ్ = 10 అని ఇచ్చి చూడండి. ఇంకా చిన్న గ్రాఫ్ అయితే 8 వరకు తగ్గించవచ్చు. అక్కడా ఇక్కడా అక్షరాల సైజును హెచ్చించే సీఈఎక్స్ అనే ఆర్గ్యుమెంట్‌ను 1.4, 0.8 అంటూ ముక్కముక్కలుగా సవరించడం కంటే ఇలా మొత్తంగా ఒక్క అంకెతో మార్చడం మేలు. శీర్షిక, అక్షాల పేర్లు, అంకెల మధ్య ఉండాల్సిన నిష్పత్తి చెడదు.

ఎంత చోటు దొరుకుతుందో తెలుసుకోవడానికి కొన్ని కొలతలు. ఏ4 కాగితం 210 × 297 మిల్లీమీటర్లు, అంటే 8.27 × 11.69 అంగుళాలు. రెండు పక్కలా అంగుళం మార్జిన్ వదిలితే 6.27 అంగుళాలు మిగులుతుంది. బైండింగ్ కోసం ఎడమ పక్క అంగుళంన్నర వదలమంటే 5.77. కాబట్టి థీసిస్‌కు 5.7 అంగుళాల వెడల్పు పెట్టుకుంటే నిశ్చింత. పవర్‌పాయింట్‌లో ఇప్పటి వెడల్పు స్లయిడ్ 13.33 × 7.5 అంగుళాలు. శీర్షికకు చోటు వదిలి 12 × 5.5 గీయండి, అక్షరాలు మాత్రం 20 పాయింట్లకు తగ్గకుండా చూడండి, చివరి వరుసలో కూర్చున్నవాళ్లూ చదవాలి కదా. జర్నల్‌కు పంపేవాళ్లు ఆ జర్నల్ సూచనల పేజీ తప్పకుండా చదవాలి. ఉదాహరణకు నేచర్ పత్రికలో ఒక కాలమ్ వెడల్పు 89 మిల్లీమీటర్లు, రెండు కాలమ్‌లు కలిపి 183. ప్లాస్ జర్నల్స్ టిఫ్ లేదా ఈపీఎస్ ఫైల్‌ను 300 నుంచి 600 రిజల్యూషన్‌తో అడుగుతాయి. మిల్లీమీటర్లలో ఇవ్వాలంటే యూనిట్స్ = "ఎంఎం" అనండి, మీరు లెక్క మార్చే పని లేదు.

ఇలా కొలిచి చేసిన బొమ్మను వర్డ్‌లో పెట్టాక దాని మూల పట్టుకుని లాగకండి. లాగితే ఇంతసేపు వేసిన లెక్కంతా వృథా. సరిపోలేదంటే ఆర్‌లో అంకె మార్చి మళ్లీ సేవ్ చేయండి. వర్డ్ తనంతట తాను బొమ్మలను కుదించే అలవాటు కూడా ఉంది. ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్‌కి వెళ్లి, ఇమేజ్ సైజ్ అండ్ క్వాలిటీ కింద ఫైల్‌లోని బొమ్మలను కంప్రెస్ చేయవద్దు అనే గడిలో టిక్ పెట్టండి.

ఏ ఫార్మాట్?

గీతలు, అక్షరాలు, గడులతో ఉన్న గ్రాఫ్‌కు వీలైనప్పుడల్లా పీడీఎఫ్ లేదా ఎస్‌వీజీ వాడండి. ఇవి చుక్కలుగా కాక గీతలుగానే దాచుకుంటాయి కాబట్టి ఎంత పెద్దది చేసినా అంచులు చెదరవు, రెస్ గొడవే ఉండదు. లాటెక్‌లో థీసిస్ రాసేవాళ్లకు పీడీఎఫ్‌ను మించింది లేదు. పీడీఎఫ్() కొలతలు ఎప్పుడూ అంగుళాల్లోనే తీసుకుంటుంది, ఏమీ చెప్పకపోతే 7 × 7. ఒకసారి తెరిచి ఐదు గ్రాఫ్‌లు గీస్తే ఒకే ఫైల్‌లో ఐదు పేజీలుగా వస్తాయి. డేటాను మొదటిసారి తిరగేసి చూసుకునేటప్పుడు ఇది భలే ఉపయోగం. స్క్రిప్ట్‌ను టెర్మినల్ నుంచి నడిపినప్పుడు ఫోల్డర్‌లో ఆర్‌ప్లాట్స్.పీడీఎఫ్ అనే ఫైల్ ఎక్కడి నుంచో వచ్చి కూర్చుంటే కంగారుపడకండి. స్క్రీన్ లేనిచోట, మీరు డివైస్ తెరవకుండా గ్రాఫ్ గీస్తే ఆర్ దాన్ని అందులో పెడుతుంది.

వర్డ్, పవర్‌పాయింట్, వెబ్‌సైట్, వాట్సాప్‌లకు పీఎన్‌జీ. కొత్త ఆఫీస్ వెర్షన్లు ఎస్‌వీజీని కూడా తీసుకుంటాయి. టిఫ్ అంటే జర్నల్ అడిగితేనే. అడిగినప్పుడు టిఫ్()లో కంప్రెషన్ = "ఎల్‌జెడ్‌డబ్ల్యూ" ఇవ్వడం మరవకండి. నాణ్యత ఏమాత్రం తగ్గకుండా ఫైల్ బాగా చిన్నదవుతుంది. జేపెగ్ ఫొటోల కోసం పుట్టింది. గ్రాఫ్‌లో వాడితే అక్షరాల చుట్టూ మురికి పట్టినట్టు మచ్చలు వస్తాయి. గ్రాఫ్‌లకు దాన్ని వాడకండి, అంతే.

పీడీఎఫ్ వద్దనుకోవాల్సిన సందర్భం ఒకటుంది. చుక్కలు వేలల్లో ఉన్న గ్రాఫ్. గ్రాఫ్‌లు గీసే జీజీప్లాట్2 ప్యాకేజీలో డైమండ్స్ అనే డేటాలో 53,940 వరుసలున్నాయి. దాన్ని చుక్కల గ్రాఫ్‌గా పీడీఎఫ్‌లో పెడితే ప్రతి చుక్కా విడివిడిగా ఫైల్‌లో చేరుతుంది, పేజీ తెరిచిన ప్రతిసారీ చుక్కలన్నీ ఒక్కొక్కటిగా గీయాలి. అలాంటిది 300 రెస్‌తో పీఎన్‌జీ చేస్తే తేలిగ్గా ఉంటుంది.

జీజీప్లాట్ వాడేవాళ్లకు జీజీసేవ్

జీజీప్లాట్2తో గీసేవాళ్లకు తెరవడం, మూయడం అక్కర్లేదు. జీజీసేవ్() ఆ రెండూ తనే చూసుకుంటుంది.

పి <- జీజీప్లాట్(ఎయిర్‌క్వాలిటీ, ఏఈఎస్(విండ్, ఓజోన్)) + జియోమ్_పాయింట్()
జీజీసేవ్("ఓజోన్.పీఎన్‌జీ", పి, విడ్త్ = 6, హైట్ = 4, డీపీఐ = 300, బీజీ = "వైట్")

డీపీఐ అంటే పైన చెప్పిన రెస్ లాంటిదే. ఎయిర్‌క్వాలిటీ కూడా ఆర్‌తో వచ్చే డేటానే, 1973 మే నుంచి సెప్టెంబర్ వరకు న్యూయార్క్ గాలి కొలతలు, 153 రోజులవి. ఇందులో విండ్, ఓజోన్ అనే పేర్లకు మొదటి అక్షరం పెద్ద బడి. ఓజోన్ 37 రోజులకు నమోదు కాలేదు కాబట్టి సేవ్ చేసేటప్పుడు ఒక వార్నింగ్ వస్తుంది, అది సేవ్ చేయడంలో లోపం కాదు.

ఫైల్ పేరు చివరి ముక్కను చూసి జీజీసేవ్ ఫార్మాట్ పోల్చుకుంటుంది. పీఎన్‌జీ అని ఉన్నచోట పీడీఎఫ్ అని రాస్తే పీడీఎఫ్ వస్తుంది. కొలతలు ఇవ్వకపోతే మాత్రం ఎక్స్‌పోర్ట్ బటన్ చేసే పనే ఇదీ చేస్తుంది, ఆ క్షణంలో ప్లాట్ కిటికీ సైజు తీసుకుంటుంది. కన్సోల్‌లో "సేవింగ్ ఇన్ని x ఇన్ని ఇన్ ఇమేజ్" అనే వాక్యం కనబడిందంటే మీరు కొలతలు ఇవ్వడం మర్చిపోయారన్నమాట. గ్రాఫ్ పేరు, అంటే ఇక్కడ పి, కూడా ఎప్పుడూ ఇవ్వండి. ఇవ్వకపోతే చివరగా చూపించిన గ్రాఫ్ సేవ్ అవుతుంది, అది మీరు అనుకున్నదే అవ్వాలనే నియమం లేదు.

పిక్సెల్స్‌లో చెప్పబోయి అలవాటుగా విడ్త్ = 1800 అని రాశారనుకోండి. జీజీసేవ్ దాన్ని 1800 అంగుళాలుగా తీసుకుని, 50 అంగుళాలు దాటకూడదంటూ ఆగిపోతుంది. లిమిట్‌సైజ్ = ఫాల్స్ పెట్టమని అక్కడే సలహా కూడా ఇస్తుంది. ఆ సలహా పట్టుకుని ముందుకు పోకండి. మీకు కావాల్సింది 6 అంగుళాలు.

బీజీ = "వైట్" ఎందుకంటే, కొన్ని థీమ్‌లలో వెనక రంగు ఉండదు. పీఎన్‌జీ పారదర్శకంగా సేవ్ అవుతుంది. తెల్ల కాగితం మీద తేడా తెలియదు కానీ, ఫోన్‌లో డార్క్ మోడ్‌లో తెరిస్తే నల్లటి నేల మీద నల్లటి అక్షరాలు! అక్షరాల సైజు కోసం థీమ్‌లో బేస్_సైజ్ = 10 అని ఇవ్వండి, సేవ్ చేసేటప్పుడు స్కేల్ అనే ఆర్గ్యుమెంట్‌తో ఆడుకోకండి. స్కేల్ కొలతలను హెచ్చించి గీస్తుంది కాబట్టి 6 అంగుళాలు అన్నది ఇక 6 అంగుళాలు కాదు.

ఫైల్ వచ్చింది, లోపల ఏమీ లేదు

జీజీప్లాట్ గ్రాఫ్‌ను పీఎన్‌జీ(), డెవ్.ఆఫ్() మధ్య పెట్టి ఫర్ లూప్‌లో తిప్పితే ఫైళ్లు రావు, వచ్చినా ఖాళీగా వస్తాయి. ప్లాట్(నైల్) లాంటి బేస్ గ్రాఫ్‌కు ఈ ఇబ్బంది లేదు, అది పిలవగానే గీసేస్తుంది. జీజీప్లాట్ అలా కాదు. అది ఒక వస్తువును తయారుచేసి చేతికిస్తుంది. ఆ వస్తువును ప్రింట్ చేసినప్పుడే గ్రాఫ్ గీస్తుంది. కన్సోల్‌లో పి అని టైప్ చేసి ఎంటర్ నొక్కితే ఆర్ తనంతట తానే ప్రింట్ చేస్తుంది. లూప్‌లో, ఫంక్షన్ లోపల, సోర్స్()తో నడిపిన స్క్రిప్ట్‌లో ఆ సౌకర్యం ఉండదు. అక్కడ ప్రింట్(పి) అని మీరే రాయాలి. లాటిస్ ప్యాకేజీ గ్రాఫ్‌లకూ ఇదే మందు. జీజీసేవ్()కి పి ఇచ్చినప్పుడు మాత్రం ప్రింట్ అక్కర్లేదు.

గ్రాఫ్ మీద తెలుగు

మన భాషలో రిపోర్టులు, పాఠాలు, పత్రికా వ్యాసాలు రాసేవాళ్లు ఇక్కడే ఆగిపోయి ఇంగ్లిష్ లేబుల్స్‌తో సరిపెట్టుకుంటున్నారు. ఆ అవసరం లేదు. ఇప్పుడున్న పనిముట్లతో తెలుగు శుభ్రంగా వస్తుంది, ఏ డివైస్ వాడాలో తెలిస్తే చాలు.

మామూలు పీడీఎఫ్() తెలుగుకు పనికిరాదు. "నైలు నది వార్షిక ప్రవాహం" అని శీర్షిక ఇస్తే అక్షరాల చోట చుక్కలు వస్తాయి, కన్సోల్‌లో కన్వర్షన్ ఫెయిల్యూర్ అని వార్నింగులు వరసకడతాయి. షోటెక్స్ట్ ప్యాకేజీ వాడమని చాలాచోట్ల సలహా ఇస్తారు. ఇంగ్లిష్ ఫాంట్లకు అది మంచిదే. కానీ అది అక్షరాలను ఒక్కొక్కటిగా పేరుస్తుంది, ఒత్తులు కలపడం దానికి రాదు. "ప్రవాహం"లో ప కింద ర వత్తు రాకుండా పొల్లు ప, పక్కన పూర్తి ర విడివిడిగా నిలబడతాయి. "వార్షిక", "సంవత్సరం" లాంటి మాటలు చూడగానే ఇది తెలిసిపోతుంది. అందుకే ఏ పద్ధతి పరీక్షించాలన్నా శీర్షికలో ఒత్తులున్న మాట ఒకటి పెట్టండి. "నది" అని మాత్రమే రాసి చూస్తే అంతా బాగానే ఉందనిపిస్తుంది.

తెలుగుకు నేను ముందుగా చెప్పేది ఆర్ఏజీజీ ప్యాకేజీ, పలకడం రాగ్ అని. ఇన్‌స్టాల్.ప్యాకేజెస్("రాగ్")తో తెచ్చుకోండి. ఇది ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చగలదు.

రాగ్::ఏజీజీ_పీఎన్‌జీ("నైలు.పీఎన్‌జీ", విడ్త్ = 6, హైట్ = 4, యూనిట్స్ = "ఇన్", రెస్ = 300)
పార్(ఫ్యామిలీ = "నోటో శాన్స్ తెలుగు")
ప్లాట్(నైల్, మెయిన్ = "నైలు నది వార్షిక ప్రవాహం", ఎక్స్‌ల్యాబ్ = "సంవత్సరం", వైల్యాబ్ = "ప్రవాహం (పది కోట్ల ఘ.మీ.)")
డెవ్.ఆఫ్()

ఫాంట్ పేరును ఇంగ్లిష్‌లో, కంప్యూటర్‌లో ఎలా నమోదై ఉందో అలాగే రాయాలి, పెద్ద బడి అక్షరాలతో సహా. నోటో శాన్స్ తెలుగు, మండలి, సూరన్న, రామభద్ర గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. అంకెలు, గీతలతో కలిసి ఉండే లేబుల్స్‌కు నోటో శాన్స్ తెలుగు బాగా నప్పుతుంది. రామభద్ర లాంటి బరువైన ఫాంట్‌ను శీర్షికకు మాత్రమే వాడండి. విండోస్‌లో నిర్మలా యూఐ ముందే ఉంటుంది. పేరు ఒక్క అక్షరం తప్పినా ఎర్రర్ రాదు, చప్పుడు చేయకుండా వేరే ఫాంట్ వేసేస్తుంది. అందుకే సిస్టమ్‌ఫాంట్స్ ప్యాకేజీలోని సిస్టమ్_ఫాంట్స్() ఇచ్చే జాబితాలో పేరు చూసి రాసుకోవడం మంచిది.

జీజీసేవ్ వాడేవాళ్లకు ఇంకా సుఖం. రాగ్ ఇన్‌స్టాల్ అయి ఉంటే పీఎన్‌జీ కోసం జీజీసేవ్ తనంతట తానే దాన్ని వాడుకుంటుంది. థీమ్_మినిమల్(బేస్_ఫ్యామిలీ = "నోటో శాన్స్ తెలుగు") అని ఇస్తే చాలు. గ్రాఫ్ లోపల జియోమ్_టెక్స్ట్()తో రాసే మాటలకు మాత్రం ఫ్యామిలీని విడిగా ఇవ్వండి, పాత వెర్షన్లలో అవి థీమ్ మాట వినవు. ఇంకో సంగతి, జీజీప్లాట్‌లో వరుసల మధ్య ఎడం 0.9గా ఉంటుంది. ఇంగ్లిష్‌కు అది సరిపోతుంది. తెలుగులో శీర్షిక రెండు వరుసలైతే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుకుంటాయి. ప్లాట్.టైటిల్‌కు ఎలిమెంట్_టెక్స్ట్(లైన్‌హైట్ = 1.3) ఇవ్వండి, ఊపిరి ఆడినట్టుంటుంది.

ఆర్‌స్టూడియో ప్లాట్ కిటికీలో కూడా తెలుగు సరిగ్గా కనిపించాలంటే టూల్స్, గ్లోబల్ ఆప్షన్స్, జనరల్, గ్రాఫిక్స్ దాకా వెళ్లి బ్యాకెండ్‌ను ఏజీజీగా మార్చండి. విండోస్‌లో ఆర్ వెర్షన్ 4.2.0 కంటే పాతదైతే ముందు దాన్ని మార్చుకోండి. 2022 ఏప్రిల్‌లో వచ్చిన ఆ వెర్షన్ నుంచే విండోస్‌లో ఆర్ యూటీఎఫ్-8ను (అన్ని భాషల అక్షరాలనూ దాచగల పద్ధతిని) సహజంగా వాడుతోంది. అంతకుముందు తెలుగు లేబుల్స్ కోడ్ ఫైల్‌లోనే చెడిపోయేవి.

తెలుగుతో పీడీఎఫే కావాలంటే? లినక్స్‌లో కైరో_పీడీఎఫ్() వాడండి. అక్కడ అక్షరాలను కూర్చే పాంగో లైబ్రరీ తోడుగా ఉంటుంది, ఫాంట్ కూడా ఫైల్‌లోనే చేరుతుంది. విండోస్ ఆర్‌లో కైరోకు పాంగో తోడు లేదు, ఒత్తులు విడిపోతాయి. అక్కడ ఎస్‌వీజీలైట్ ప్యాకేజీతో ఎస్‌వీజీగా సేవ్ చేసి, ఇంక్‌స్కేప్ అనే బొమ్మల ప్రోగ్రామ్‌లో తెరిచి పీడీఎఫ్‌గా మార్చండి. ఎస్‌వీజీలైట్ తెలుగును అక్షరాలుగానే ఉంచుతుంది, కూర్చే పని ఇంక్‌స్కేప్ చూసుకుంటుంది. ఆ శ్రమ వద్దనుకుంటే రాగ్‌తో 600 రెస్ పీఎన్‌జీ. ప్రింట్‌లో తేడా కంటికి ఆనదు.

ఒకేసారి చాలా గ్రాఫ్‌లు

కోడ్‌తో సేవ్ చేయడంలోని అసలు సుఖం ఇక్కడ కనిపిస్తుంది. ఎయిర్‌క్వాలిటీలో నెలలు 5 నుంచి 9. నెలకో ఉష్ణోగ్రత గ్రాఫ్ కావాలనుకుందాం. ముందు డిర్.క్రియేట్("గ్రాఫ్స్", షోవార్నింగ్స్ = ఫాల్స్)తో ఫోల్డర్ చేసుకోండి. ఇందులో డబ్ల్యూ పెద్ద బడి, ఫాల్స్ మొత్తం పెద్ద బడి. తర్వాత:

ఫర్ (ఎం ఇన్ 5:9) {
పి <- జీజీప్లాట్(సబ్‌సెట్(ఎయిర్‌క్వాలిటీ, మంత్ == ఎం), ఏఈఎస్(డే, టెంప్)) + జియోమ్_లైన్() + వైలిమ్(55, 100)
జీజీసేవ్(ఫైల్.పాత్("గ్రాఫ్స్", ఎస్‌ప్రింట్ఎఫ్("టెంప్_%02డి.పీఎన్‌జీ", ఎం)), పి, విడ్త్ = 6, హైట్ = 3.5, బీజీ = "వైట్")
}

మంత్, డే, టెంప్ అనే కాలమ్ పేర్లకు మొదటి అక్షరం పెద్ద బడి. రెండు చిన్న విషయాలు గమనించండి. %02డి వల్ల ఫైల్ పేర్లు 05, 06 అని వస్తాయి. పన్నెండు నెలలూ ఉన్నప్పుడు ఫోల్డర్‌లో 10 వచ్చి 2 కంటే ముందు కూర్చోదు. రెండోది వైలిమ్. ఈ డేటాలో ఉష్ణోగ్రత 56 నుంచి 97 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య ఉంది. హద్దులు మీరు పెట్టకపోతే ప్రతి నెలకూ జీజీప్లాట్ తనకు నచ్చిన హద్దులు వేస్తుంది. చల్లటి మే, మండే జులై పక్కపక్కన పెడితే ఒకేలా కనిపిస్తాయి. ఇది అందం సంగతి కాదు, చదివేవాళ్లు పొరబడతారు.

కొలతలను స్క్రిప్ట్ మొదట్లోనే రెండు పేర్లకు ఇచ్చి, జీజీసేవ్‌లో ఆ పేర్లే వాడితే జర్నల్ మారినప్పుడు ఒక్కచోట మార్చితే చాలు. ఫైల్ పేర్లు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్యలో ఖాళీలు లేకుండా పెట్టండి. కొన్ని జర్నల్ పోర్టల్స్, పాత లాటెక్ సెటప్‌లు వేరేవాటిని మింగలేవు.

పంపే ముందు

ఫైల్‌ను ఆర్‌స్టూడియోలో కాక బయట తెరిచి, కొలతకు తగ్గట్టు ప్రింట్ తీసి చేతి దూరంలో పట్టుకుని చదవండి. స్క్రీన్ మీద జూమ్ ఎంత ఉందో మనకు తెలియకుండానే కన్ను సర్దుకుంటుంది, కాగితం దగ్గర ఆ వెసులుబాటు లేదు. పిక్సెల్స్ లెక్క సరిచూడాలంటే మ్యాజిక్ ప్యాకేజీలో ఇమేజ్_రీడ్()తో ఫైల్ చదివి ఇమేజ్_ఇన్ఫో()కి ఇవ్వండి, 6 × 4 గ్రాఫ్‌కు 1800, 1200 అని రావాలి. పీడీఎఫ్ అయితే టెర్మినల్‌లో పీడీఎఫ్‌ఫాంట్స్ అనే కమాండ్‌కు ఫైల్ పేరు ఇచ్చి, ఈఎంబీ (ఎంబెడెడ్) అనే గడిలో "యస్" ఉందో లేదో చూడండి. మామూలు పీడీఎఫ్() హెల్వెటికా ఫాంట్‌ను ఫైల్‌లో పొదగదు, అందుకే కొన్ని ప్రింటింగ్ సంస్థలు, జర్నల్స్ వెనక్కి పంపుతుంటాయి. కైరో_పీడీఎఫ్()కి మారితే అది తీరిపోతుంది, జీజీసేవ్‌లో డివైస్ = కైరో_పీడీఎఫ్ అని కొటేషన్లు లేకుండా రాస్తే సరిపోతుంది. మళ్లీ సేవ్ చేసేటప్పుడు "కెనాట్ ఓపెన్ ఫైల్" అని మొరాయిస్తే, విండోస్‌లో ఆ పీడీఎఫ్ ఏ రీడర్‌లోనో తెరిచే ఉండి ఉంటుంది. మూసేసి మళ్లీ నడపండి.